ఎం.బి.ఎ. ఫీజు కట్టే ముందు చూడాల్సిన లెక్క



మేము చదివింది ఎనిమిదో తరగతి. ఎం.బి.ఎ. గురించి వీళ్లేం చెప్తారని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మాకేం కష్టం లేదు. కానీ సేలంలో మా సంఘం ఆఫీసుకి ఏటా జూను నెలలో తల్లిదండ్రులు వచ్చేది దీనికోసమే. "సెక్రటరీ గారూ, పిల్లోడు ఎం.బి.ఎ. అంటున్నాడు, పొదుపులోంచి ఏమైనా తీసుకోవచ్చునా?" అని అడుగుతారు. చేతిలో రంగురంగుల పుస్తకం ఉంటుంది. అట్ట మీద కోటు తొడుక్కున్న పిల్లలు, పక్కన "అత్యధిక జీతం 18 లక్షలు" అని పెద్ద అక్షరాలు. ఆ జీతం వచ్చింది ఒక్కడికి. మిగతా వాళ్లకి ఏమొచ్చిందో ఆ పుస్తకంలో ఉండదు.

మనం నూలు కొనేటప్పుడు కట్ట మీది చీటీ చూసి డబ్బులిచ్చేస్తామా? కట్ట విప్పి, నడిమిలోంచి ఒక చిలప లాగి, కౌంటు సరిగ్గా ఉందా లేదా చూస్తాం. కాలేజీని కూడా అట్లాగే నడిమిలోంచి లాగి చూడాలి.

ఊరికే లెక్క కోసం చెప్తాం. అయిదుగురు నేతగాళ్లున్నారు. నలుగురికి నెలకు 8 వేలు కూలి, ఒకడికి 48 వేలు. సగటు కడితే 16 వేలు వస్తుంది. ఆ సగటు చూసి మీరు పిల్లనిస్తే, ఆ పిల్ల వచ్చి చేరేది 8 వేల ఇంటికే. అందుకని సగటు అడగొద్దు. అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమిలో నిలబడ్డవాడికి ఎంత? అది అడగండి. దాన్నే మీడియన్ జీతం అంటారు.

ఇది దాచిపెట్టిన లెక్క కాదు. కేంద్ర విద్యాశాఖ వాళ్లు 2016 నుంచి కాలేజీలకు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అని ర్యాంకులు ఇస్తున్నారు. దాంట్లో పాల్గొన్న కాలేజీ ఎంతమందిని చేర్చుకుంది, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అన్నది కాగితం మీద చూపించాలి. ర్యాంకు సంగతి పక్కన పెట్టండి, ఆ కాగితం చదవండి. దాంట్లో పాల్గొనని కాలేజీ అయితే పోయిన ఏడాది పాసైన పిల్లల్లో నలుగురి ఫోను నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

మా వీధిలో ఒక కుటుంబం ఇంటి పత్రాలు పెట్టి పిల్లోణ్ని ఒక కాలేజీలో చేర్చింది. పేరు ఎందుకులెండి. "నూటికి నూరు మందికి ఉద్యోగం" అన్నారు. తీరా ఉద్యోగం ఏమిటయ్యా అంటే ఇల్లిల్లూ తిరిగి పాలసీలు అమ్మడం, అదీ కమీషను మీద. ఇంటి పత్రాలు ఇంకా వెనక్కి రాలేదు.

అప్పు లెక్క కూడా చూసుకోవాలి. 6 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, 7 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 10 వేలు కట్టాలి. మామూలుగా చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదంటారు, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. చెన్నైలోనో బెంగుళూరులోనో 22 వేల జీతంలో 10 వేలు పోతే పిల్లోడు ఏం తింటాడు, ఎక్కడుంటాడు? ఇంకొక సంగతి. బ్యాంకుల విద్యా రుణం పథకంలో 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండానే ఇస్తారు. ఇంటి పత్రాలు తీసే ముందు బ్యాంకుకి వెళ్లి అడగండి.

ఫీజు తక్కువ కావాలంటే ప్రవేశ పరీక్ష బాగా రాయడమే దారి. మా తమిళనాడులో టాన్‌సెట్, మహారాష్ట్రలో సి.ఇ.టి., కర్ణాటకలో పి.జి.సి.ఇ.టి., ఒడిశాలో ఓ.జె.ఇ.ఇ. ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తే ప్రైవేటు ఫీజులో ఎంతో మిగులుతుంది. ఒక్క ఏడాది ఆగి మళ్లీ రాసినా నష్టం లేదు. ఆ ఏడాది ఏదైనా ఉద్యోగం చేస్తే ఇంకా మంచిది. మంచి కాలేజీలు, కంపెనీలు ఆ అనుభవానికి విలువిస్తాయి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న పిల్లలకు ఇగ్నో ఎం.బి.ఎ. చాలు, జీతం వదులుకోనక్కర్లేదు.

ఏ విభాగం అంటే, పిల్లకి చేతనైంది ఏదో అది. లెక్కలు వచ్చిన పిల్ల ఫైనాన్సుకి పోనీ. కానీ మనవాళ్లు ఎందుకో జౌళి వైపు చూడరు. కోయంబత్తూరులో కేంద్ర జౌళి శాఖ కింద సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పేరు మీద జౌళి మేనేజ్‌మెంటు సంస్థ ఉంది. చెన్నై నిఫ్ట్‌లో ఫ్యాషన్ మేనేజ్‌మెంటు ఉంది. కురియన్ గారు 1979లో పెట్టిన ఆనంద్ సంస్థలో గ్రామీణ మేనేజ్‌మెంటు ఉంది, సహకార సంఘం అంటే ఏమిటో అక్కడ చెప్తారు. పడుగేదో పేకేదో పుట్టినప్పటి నుంచి చూసిన పిల్ల ఇంటర్వ్యూలో కూర్చుంటే, బట్ట గురించి ఆమెకి ఎవరూ రాసివ్వక్కర్లేదు. వీటిలో కూడా ఫీజు, మీడియన్ జీతం చూసే చేరండి, మన వృత్తి అని మొహమాటపడొద్దు.

ఆడపిల్ల అన్నాము కదా. మనిళ్లల్లో కొడుక్కి 8 లక్షలు, కూతురికి "ఇంట్లో కూర్చుని ఏదైనా కరస్పాండెన్సు" అంటున్నారు. మార్కులు చూస్తే తిరగబడి ఉంటాయి. ఇది మాకు నచ్చదు, సభలోనే చెప్తున్నాం.

సంఘం ఆఫీసులో కంప్యూటరు ఉంది. మీడియన్ జీతం కాగితం తీసి చదివి చెప్పే పిల్ల కూడా ఉంది. సాయంత్రం అయిదు దాకా ఉంటాం. అడ్వాన్సు కట్టిన రసీదుతో కాకుండా, కట్టక ముందు రండి.