‘స్’ వినపడని రోజు

ఈ రోజు ఆడియాలజీ పట్టాలు అందుకుంటున్న పిల్లలకు అభినందనలు. తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన మీ అమ్మానాన్నలకు ఇంకాస్త ఎక్కువ.

కాక్లియర్ ఇంప్లాంట్ అనగానే అందరికీ స్విచాన్ రోజే గుర్తొస్తుంది. పాప ఉలిక్కిపడటం, తల్లి కళ్లు తుడుచుకోవడం, చుట్టూ ఫోన్లలో వీడియోలు. ఆరేడేళ్లు చక్కగా విన్నాక లోపలి మిషన్ చెడిపోయే రోజుకు వీడియో ఉండదు. దాన్ని గురించి మేము మీకు క్లాసులో చెప్పింది కూడా తక్కువే, ఒప్పుకోవాలి. ఆరోగ్యశ్రీ తొలినాళ్లలో ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలు కాలేజీ వయసుకొచ్చారు. వాళ్ల మిషన్లకూ వయసొచ్చింది.

ఓ తల్లి ఏడేళ్ల కొడుకును తీసుకొచ్చింది. రోజూ పొద్దున ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని లింగ్ సౌండ్స్ పలికి, వాడు చెయ్యెత్తుతాడో లేదో చూసేదామె. “మేడమ్, ‘స్’ అంటే పలకట్లేదు. ప్రాసెసర్ పెడితే పీకేస్తున్నాడు” అంది. కాయిల్, కేబుల్ మార్చాను. వేరే ప్రాసెసర్ పెట్టి చూశాను. టెలిమెట్రీ పరీక్షలో ఎలక్ట్రోడ్లన్నీ మామూలుగానే ఉన్నాయి. “మిషన్ బాగుందమ్మా, వీడే మొండికేస్తున్నాడు” అని పంపేశాను.

మూడు నెలలకు మళ్లీ వచ్చారు. కరెంటు స్థాయి పెంచుతుంటే వాడి కనురెప్ప అదిరింది. అప్పుడు తీశాను పాత ఫైలు. ఏడాదిగా ప్రతి మ్యాపింగ్‌లోనూ, అంటే ప్రాసెసర్‌ను సర్దిన ప్రతిసారీ, కరెంటు స్థాయిలు కొంచెం కొంచెం పెరుగుతూనే ఉన్నాయి. పెంచింది నేనే. అన్ని మ్యాపులనూ పక్కపక్కన పెట్టి చూడనిదీ నేనే.

మిషన్ పూర్తిగా ఆగిపోతే ఎవరైనా పట్టేస్తారు. మనల్ని ఏడిపించేది సాఫ్ట్ ఫెయిల్యూర్, పనిచేస్తున్నట్టే కనిపిస్తూ లోపల చెడిపోవడం. ఒంట్లో ఉండగా చేసే పరీక్షల్లో అది రుజువు కాకపోవచ్చని, బయటికి తీసి పరీక్షించాక, కొత్తది పెట్టి ఫలితం చూశాకే తేలుతుందని నిపుణులు 2005లోనే ఏకాభిప్రాయ ప్రకటన చేశారు. అంటే “రిపోర్టు నార్మల్” అన్నది జవాబు కాదు. టకటక శబ్దాలు, నొప్పి, ముఖం అదరడం, మాటల పరీక్షలో మార్కులు పడిపోవడం కూడా సాక్ష్యాలే. పిల్లలైతే ఎప్పుడైనా తల మీద దెబ్బ తగిలిందేమో అడగండి. కొన్నిసార్లు తప్పు తయారీలోనే ఉంటుంది. 2011లో కాక్లియర్ సంస్థ సీఐ500 శ్రేణిని వెనక్కి పిలిచింది, లోపలికి తేమ చేరుతోందని.

మళ్లీ ఆపరేషన్ అని చెప్పాల్సింది సర్జనే అయినా, ఆ తల్లి ముందు చూసేది మీ ముఖమే. లోపలి భాగానికి సాధారణంగా 10 ఏళ్ల వారంటీ ఉంటుంది. దారి ఖర్చులు, పోయిన కూలి వారంటీలోకి రావు. అందుకని, కాగితాల కోసం వాళ్లు మళ్లీ తిరగనక్కర్లేకుండా, ఆపరేషన్‌కు ముందే పాత మ్యాపులు, స్పీచ్ స్కోర్లు ప్రింటు తీసి వాళ్ల చేతికివ్వండి. పాత మ్యాపును కొత్త మిషన్‌లోకి దించకండి. ఎలక్ట్రోడ్లు అదే చోట కూర్చున్నాయని నమ్మకమేమీ లేదు. మీరు అందుకోవాల్సింది పాత స్కోర్లను.

ఆ పిల్లవాడికి కొత్తది పెట్టి స్విచాన్ చేసిన రోజు, “అమ్మ గొంతు ఇది కాదు” అని ఏడ్చాడు. దీనికీ తల్లిని ముందే సిద్ధం చేయలేదు నేను. నాలుగో వారం ఆమె వాడి వెనక నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ‘స్’ అంది. వాడు ఆడుకుంటున్న బొమ్మ లారీని వదలకుండానే రెండో చెయ్యి ఎత్తాడు.