‘ప్లస్ సి’తో నా పేచీ

తిరుపతిలో గణిత సదస్సుకు నన్ను అధ్యక్షుడిగా పిలిచినప్పుడే నిర్వాహకులు ఊహించి ఉంటారు, ఈయన మళ్లీ ఆ ‘సి’ గొడవే ఎత్తుతాడని. వాళ్ల అనుమానం వమ్ము చెయ్యను.

సమాకలనం చివర మనమంతా ‘ప్లస్ సి’ రాయిస్తాం. మరిచిపోతే మార్కు కోస్తాం. ఎందుకు రాయాలో మాత్రం చెప్పం. ఒకసారి స్పాట్ వాల్యుయేషన్‌లో నా పక్క బల్ల మీదికి సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ లెక్క వచ్చింది. కీలో ఉన్నది సైన్ వర్గంలో సగం, ప్లస్ సి. పిల్లవాడు రాసింది మైనస్ కాస్ వర్గంలో సగం, ప్లస్ సి. ఎర్ర పెన్ను అడ్డంగా గీసేసింది. రెండు జవాబులకూ తేడా సరిగ్గా అర. ఆ అర సిలో కలిసిపోతుంది, అసలు సి ఉన్నదే అందుకు! ‘కీలో లేదు కదా సార్’ అన్నారు ఆ పక్క బల్ల మాస్టారు. చీఫ్ ఎగ్జామినర్‌తో వాదించి మార్కులు వేయించేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి.

ఒకటి బై ఎక్స్ సంగతి మరీ అన్యాయం. లాగ్ మాడ్ ఎక్స్ ప్లస్ సి అని రాసి చేతులు దులుపుకుంటాం. సున్నా దగ్గర ఆ ప్రమేయానికి విలువే లేదు. కుడివైపు ముక్క వేరు, ఎడమవైపు ముక్క వేరు. కుడివైపు 5, ఎడమవైపు 700 కలిపి అవకలనం చేసి చూడండి, మళ్లీ ఒకటి బై ఎక్సే వస్తుంది. అంటే రెండు సిలు కావాలి. ఏళ్ల తరబడి ఇదే మొత్తుకుంటున్నాను. ‘ఇంటర్ పిల్లలకు అంత లోతు ఎందుకు’ అన్న పెద్దలు ముందు వరుసలోనే కూర్చున్నారు. వారి మీద గౌరవం తగ్గలేదు, నా అభ్యంతరమూ తగ్గలేదు.

ఒక రాశి స్థిరమా, చరమా అన్నది ఆ లెక్కలో మనం దానికి అప్పగించిన పనిని బట్టి ఉంటుంది. ఒక సరళరేఖ గీసేటప్పుడు వాలు స్థిరం. రేఖలన్నిటినీ కలిపి చూస్తే అదే చరం. లీలావతిలో ఇష్టకర్మ చెబుతూ భాస్కరుడు నచ్చిన సంఖ్యతో మొదలుపెట్టమంటాడు. చివర నిష్పత్తితో సరిచేస్తాం గనుక ఏది తీసుకున్నా జవాబు మారదు. అన్నీ మనవాళ్లే చెప్పారని చప్పట్లు కొట్టించుకునేవారు ఆ లెక్క ఒక్కటి బోర్డు మీద చేసి చూపిస్తే నేనూ చప్పట్లు కొడతాను.

భౌతికశాస్త్ర మిత్రులకు తమ స్థిరాంకాలు ప్రకృతి చేతితో రాసిచ్చినవన్న ధీమా. గురుత్వ త్వరణానికి ప్రమాణంగా వాడే 9.80665 అనేది 1901లో తూనికలు కొలతల మహాసభ ఒప్పుకున్న అంకె. తిరుపతిలో అది 9.78 చిల్లర. అలిపిరి మెట్లెక్కి కొండమీదికి వెళితే మూడో దశాంశం కదులుతుంది.

మన గాదంకి వాతావరణ రాడార్‌నే చూడండి. 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పైకి పంపి, అది తిరిగి వచ్చేందుకు పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు కడతారు. మైక్రోసెకనుకు 150 మీటర్లు. ఆ లెక్కలో తరంగ వేగం స్థిరం. కానీ మబ్బు లేని ఆకాశం నుంచి ప్రతిధ్వని రావడానికి కారణమే గాలి వక్రీభవన గుణకంలో చోటుచోటుకీ ఉండే ఇసుమంత తేడా, అంటే ఆ వేగం మారడం! అది మారదనుకుని ఎత్తు కట్టి, అది మారడం వల్లే గాలి కదలిక పసిగడుతున్నారు. ఎత్తు లెక్కను పాడుచేసేంత పెద్ద మార్పు కాదు గనుక చెల్లిపోయింది. ఆ ‘గనుక’ను పాఠంలో చెప్పండన్నదే నా గోల.

ఇక మనం పక్కన పెట్టేసిన పని ఒకటుంది. భౌతికశాస్త్రవేత్తలు సూరి భగవంతం, టి. వెంకటరాయుడు సమూహ సిద్ధాంతం మీద రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో అచ్చువేసింది. ఒక స్ఫటికానికి స్వతంత్ర స్థిరాంకాలు ఎన్నో, ఏదీ కొలవకముందే సౌష్ఠవాన్ని బట్టి చెప్పే పద్ధతి అందులో ఉంది. సౌష్ఠవం అతి తక్కువైన స్ఫటికానికి 21 స్థితిస్థాపక స్థిరాంకాలు, ఘన వ్యవస్థలోని దానికి 3. ఆ 21లోనూ మూడు మనం అక్షాలను ఎటు తిప్పి పెట్టామన్న దానిమీదే ఆధారపడతాయి. ఫొటోఎలాస్టిక్ స్థిరాంకాలకు పోకెల్స్ ఇచ్చిన లెక్క కొన్ని స్ఫటిక తరగతుల్లో తప్పని భగవంతం 1942లో చూపారు. మన వక్తలు ఆయన పేరు తలుస్తారు, ఆ లెక్క జోలికి మాత్రం పోరు.

కార్యదర్శిగారికి నా విన్నపం: వచ్చే సదస్సులో ఒక పూట భగవంతం లెక్కకు కేటాయించండి. ఒకటి బై ఎక్స్‌కు రెండు సిలు రాయాలన్న తీర్మానాన్ని ఎజెండాలో పెట్టండి. వ్యతిరేకించేవారు సుద్దముక్క పట్టుకుని రండి, బోర్డు దగ్గరే తేల్చుకుందాం.