కాళ్ల తిమ్మిర్లు



చెరుకు నరికి ఇంటికొచ్చిన మనిషికి కాళ్లు గుంజుతయి. అది అలుపు. తెల్లారేసరికి పోతుంది. కొందరికి మాత్రం పోదు. పొద్దుగూకితే అరికాళ్లల్లో మంట మొదలవుతుంది. చీమలు పాకినట్టు, సూదులు పొడిచినట్టు ఉంటుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఇంకొందరికి అసలు స్పర్శే ఉండదు. ముల్లు దిగినా తెలియదు.

బోధన్ పక్క ఊళ్లో చెరుకు కోతకు పోయే ఒక అక్క ఉందనుకుందాం. ఆమెకు ఇట్లనే తిమ్మిర్లు వచ్చినయి. ఇంట్లో చెప్పలేదు. ఎందుకు? పెద్దరోగం అంటారని భయం.

ఆ భయం నిజామాబాద్ జిల్లాలో చాలా పాతది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ 1907లో భర్తతో కలిసి హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. కుష్ఠు వచ్చినవాళ్ల బాధ కళ్లారా చూసింది. నర్సాగౌడ్ అనే దాత సాయం చేశాడు. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు దవాఖాన మొదలైంది. అప్పట్లో గోలీలు లేవు. చాల్‌మోగ్ర జాతి గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. ఆ సూది నొప్పి పగవాడికి కూడా వద్దు. అయినా మనుషులు దూరాల నుంచి వచ్చారు. ఇప్పుడు ఆ సూదులు లేవు. ఆరు నెలలో, ఏడాదో గోలీలు మింగితే కుష్ఠు నయమవుతుంది. సర్కారు దవాఖానలో పైసా తీసుకోరు. ఆలస్యం చేస్తే మాత్రం చెడిన నరం మళ్లీ బాగుపడకపోవచ్చు. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ గాని, ఎర్రని మచ్చ గాని ఉండి, దాని మీద స్పర్శ లేకపోతే వెంటనే చూపించుకోవాలి.

అయితే ప్రతి తిమ్మిరీ కుష్ఠు కాదు. ఎక్కువ మందికి కారణం షుగర్ జబ్బు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయింది గాని, ఒంట్లో చక్కెర ఆగలేదు! పాలు, గుడ్లు, మాంసం ముట్టని వాళ్లకు బి12 విటమిన్ తగ్గుతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గోలీలు ఏండ్ల తరబడి మింగేవాళ్లకూ తగ్గవచ్చు. అతిగా తాగితే నరాలు చెడుతయి. నడుము దగ్గర నరం నొక్కుకున్నా కాలు తిమ్మిరెక్కుతుంది. పడుకోగానే కాళ్లు ఆడించాలనిపించి, లేచి నడిస్తే నెమ్మదించే బాధ వేరు. ఒంట్లో ఇనుము తక్కువైతే అది రావచ్చు.

ఆ అక్క చివరికి దవాఖానకు పోయింది. మచ్చలు లేవు. షుగర్ లేదు. బి12 సరిగ్గానే ఉంది. కరెంటు పెట్టి నరాల పరీక్ష చేశారు. అదీ బాగానే ఉంది. "ఏం లేదట, అంతా నీ మనసే" అన్నారు ఇంటోళ్లు. ఆమెకు ఏడుపొచ్చింది. రోగం లేదంటే సంతోషించాలి గదా అని వాళ్లు అనుకున్నారు. మంట మాత్రం ఉండనే ఉంది.

ఇక్కడ ఒక ముచ్చట తెలుసుకోవాలి. ఆ పరీక్ష పెద్ద నరాలనే చూస్తుంది. మంటను, నొప్పిని మోసే సన్న నరాలు దానికి అందవు. కాబట్టి పరీక్ష బాగున్నా బాధ నిజం కావచ్చు. ఎన్ని పరీక్షలు చేసినా కొందరికి కారణం దొరకదు. కారణం దొరకకపోయినా మంటను తగ్గించే గోలీలు ఉన్నాయి. డాక్టరును అడిగి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వాడాలి. ఒక్క రోజులో గుణం కనబడదు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

ఒకటి మరువొద్దు. కాలు ఉన్నట్టుండి పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా ఆ పూటే పెద్ద దవాఖానకు పోవాలి.

ఇప్పుడు ఆ అక్క చెప్పులు లేకుండా చెరుకు తోటలో అడుగు పెట్టదు. వేడి ఇటుకతో కాపడం మానేసింది. నీళ్లు మోచేత్తో చూసుకొని కాళ్లు కడుగుతుంది. రాత్రి పూట బిడ్డ అద్దం పట్టుకుంటే, దీపం కింద అరికాళ్లు చూసుకుంటుంది. మంట ఎక్కువైన రోజు మొగుడే పొయ్యి రాజేస్తాడు. మొదట్లో సణిగేవాడు.