మనోవైద్యుని గది

నూతన వైద్యపట్టభద్రులారా, ఇంట తెలుగును వీధిలో తమిళమును పలుకు ఈ రాజపాళయమున, నేటి మంగళసమయమునకు తగినది కాకున్నను, చెప్పక తప్పని మాట యొకటి చెప్పెదను.

ఈ యూరిమీదుగా పోవు కొల్లము రాజమార్గము సెంగోట్టై కనుమ దాటి కేరళలోని కొట్టారక్కర చేరును. అచ్చటి తాలూకా ఆసుపత్రిలో 2023 మే 10 తెల్లవారుజామున, గాయమునకు కట్టు కట్టింప పోలీసులే తెచ్చిన మనుష్యుడు కత్తెర నందుకొని, హౌస్ సర్జనుగా నున్న ఇరువదిమూడేండ్ల వందనాదాసును పొడిచి చంపెను. ఆమె పట్టమును పిమ్మట తలిదండ్రులు గైకొనిరి.

ఇట్టివి జరిగినప్పుడెల్ల లోకము ‘పిచ్చివాడు గదా’ యని తీర్పు చెప్పి తప్పుకొనును. మనోరోగులలో అత్యధికులు ఎవరికిని హాని చేయరు. తామే దెబ్బలు తిందురు. అట్లని ప్రమాదమే లేదనుటయు మోసమే. అమెరికాలో స్కిజోఫ్రీనియా చికిత్సకు జీవితము ధారవోసిన వేన్ ఫెంటన్, 2006 సెప్టెంబరు 3న, ఆదివారమని చూడక ఒక రోగిని చూడబోయి తన గదిలోనే ప్రాణము గోల్పోయెను. ఆయన త్యాగమును పొగడుట సులభము. నాకు మాత్రము ఆ గదిలో రెండవ వైద్యసేవకుడు లేకపోవుటయే మనస్సున మెదలుచుండును.

కావున రోగిని చూచు గదిలో మీ కుర్చీ తలుపునకు దగ్గరగా నుండవలెను గాని, రోగి వెలికి పోవు దారికి అడ్డు కారాదు. పారిపోజాలనని తోచిన భీతుడే మీద పడును. బల్లమీద కత్తెర, గాజు పేపరువెయిటు వలదు. మెడలోని స్టెతస్కోపు సొరుగులో పెట్టుడు. నాలుగు రాత్రులు నిద్రలేనివాడో, తాగుడు మాని వణకుచున్నవాడో వరండాలో పచార్లు చేయుచు పిడికిలి బిగించినచో, టోకెను చూడక ముందుగా పిలిచి, ‘కోపముగా నున్నదా’ యని తగ్గుస్వరమున అడుగుడు. తగ్గనిచో లేచి బయటికి రండు; అది పిరికితనము కాదు.

ఆసుపత్రులపై దాడుల నాపుటకు తమిళనాటను, ఆంధ్రదేశమునను 2008 నాటి చట్టములున్నవి. ఆ చట్టముల ప్రకటన గోడకు అంటించి యాజమాన్యములు చేతులు దులుపుకొనును. రాత్రి రెండుగంటలకు గంట నొక్కినచో వచ్చువారెవ్వరని కొలువున చేరుదినముననే అడుగుడు.

భయము రోగిని కట్టివేయు మరియొక దారియు పట్టును. పొరుగు రామనాథపురము జిల్లా ఏర్వాడిలోని మనోరోగుల ఆశ్రయమున 2001 ఆగస్టు 6న నిప్పంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టబడిన మనోరోగులు కదలలేక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసును నిషేధించెను. తక్షణమైన ఆపద నాపుటకు వేరు దారి లేనప్పుడే, మనోవైద్యుని అనుమతితో, రోగిని నిర్బంధింపనిచ్చెను. అట్టి వేళ శిక్షణ పొందినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క కాలినో చేతినో పట్టుకొనగా, తల కాచువారు రోగితో మాట్లాడుచు, ఏమి చేయుచున్నారో, ఎప్పుడు విడుతురో చెప్పుచుండవలెను.