లెక్కయు లోకమును
(సంఘమువారి విద్యార్థి బహుమాన సభలో సంఘ పెద్దలొకరు చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను కాను. త్రాసు పట్టి బ్రతుకు వర్తకుడను. పుస్తకములోని లెక్కకును, కంటికి కనబడు లోకమునకును సంబంధమేమని మన పిల్లలడుగుచున్నారు. మనము కాపురముండు నేలయే దానికి సమాధానము చెప్పగలదు.

1802లో విలియం లాంబ్టన్ అను దొర మదరాసునందు పరంగిమల చెంత సుమారు ఏడున్నర మైళ్ళ సరళరేఖను ఉక్కు గొలుసుతో కొలిపించెను. ఎండకు గొలుసు సాగును గనుక ఆ సాగుబాటును లెక్కలో సవరించిరి. ఆపైన త్రోవపొడవునను గొలుసు పరువలేదు. త్రిభుజములో ఒక భుజమును, రెండు కోణములును తెలిసినచో తక్కిన భుజములు లెక్కవలననే తెలియును. కొండలపైనుండి కోణములు మాత్రము చూచుచు, ఒక త్రిభుజపు భుజముపై మరియొకదానిని నిలుపుచు బెంగుళూరు చేరిరి. 1804లో అచ్చట మరల ఒక రేఖను గొలుసుతో కొలువగా, లెక్క చెప్పిన పొడవునకును గొలుసు చూపిన పొడవునకును భేదము కొలది అంగుళములే!

ఇందొక సూక్ష్మము కలదు. కాగితము సమతలము, భూమి గుండ్రము. కాగితముపై త్రిభుజపు మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలు. భూమిపై పెద్ద త్రిభుజమున అది లేశమాత్రము హెచ్చును. వారా హెచ్చును విడువక లెక్కించిరి. కావున ఏ వస్తువునకే లెక్క తగునో లోకమునే అడుగవలెను. త్రాసు వంకరయైనచో కూడిక యెంత సరియైనను బేరము తప్పును గదా!

ఆ త్రిభుజములే హిమాలయములకు ప్రాకినవి. 1852లో రాధానాథ్ సిక్దార్ లెక్కవలన అత్యున్నత శిఖరము తెలియవచ్చెను. 1856లో ప్రకటించిన యెత్తు 29,002 అడుగులు. అప్పటికి దానిపై కాలుమోపినవారు లేరు. 2020లో ప్రకటించిన యెత్తు 8,848.86 మీటర్లు, భేదము సుమారు 30 అడుగులు.

మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుచునే, అంకెలకడకు రాగానే పరభాషలోనికి పోవుచున్నారు. కన్నడదేశపు మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన యేనాడో తెలుగున రచించెను. మన భాషకు లెక్క క్రొత్తది కాదు. కావున తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలను గుడికి గొనిపొండు. మూడడుగుల కఱ్ఱ నీడ రెండడుగులున్నవేళ ధ్వజస్తంభపు నీడ ఇరువదియడుగులైనచో స్తంభము ముప్పదియడుగులు. ఈ లెక్కను వారిచేతనే చేయింపుడు, తెలుగుననే చెప్పింపుడు. సెలవు.