షుగరు, నీళ్లు, మన బొక్కలు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు ఇంతకు ముందే చదివిన్రు. నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడుమన్నరు. నేను డాక్టర్ను కాదు, పదో తరగతి చదివిన. ఆరోగ్య ఉపసంఘంల పని చేస్తూ ఏఎన్ఎం మేడంను, దవాఖాన డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నవి చెప్తా.

ముందుగాల అందరు లేచి నిలబడుండ్రి. మోకాళ్లు వంచకుండ కాలి వేళ్లు ముట్టుండ్రి. ఇప్పుడు గదువ ఛాతికి ఆనియ్యుండ్రి. రెండు చేతులు పక్కకు చాపి, మడిచి, తల వెనుక ముట్టుండ్రి. నవ్వకుండ్రి అక్కా, ఫ్లోరోసిస్ ఉందేమో చూసెతందుకు సర్వేలల్ల చేయించే పరీక్షనే ఇది. రానంత మాత్రాన ఫ్లోరోసిస్ అని కాదు. వయసుతోని, కీళ్లు అరిగి కూడ రాకపోవచ్చు. కాని మెడ, నడుము, భుజాలు మూడూ పట్టేసినోళ్లు మాత్రం దవాఖానల చూపించుకోవాలె.

ఫ్లోరైడ్ గురించి నల్లగొండోళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. 1973లనే హైదరాబాదుల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన దిక్కు మోకాళ్లు లోపలికి వంగుడు, దాంతోపాటు బొక్కలు గుల్లబారుడు గురించి రాసిన్రు. పటిక, సున్నం వేసి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే పెట్టిన్రు. మన పేరు పుస్తకాలకు ఎక్కింది రోగం మూలంగనే. 1996 పార్లమెంటు ఎన్నికల్ల నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డది నీళ్ల గోస దేశానికి తెల్వాలనే. మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశాల స్వామి వంగిపోయిన ఒళ్లుతోనే తిరిగి కొట్లాడిండు, 2023ల చనిపోయిండు.

ఇప్పుడు భగీరథ నల్లాలు వచ్చినయి, ఆ కథ అయిపోయిందని అనుకుంటున్నం. కాని ముప్పై ఏండ్లు బోరు నీళ్లు తాగినోళ్ల బొక్కలల్ల చేరిన ఫ్లోరైడ్ నల్లా తిప్పంగనే పోదు. ఆ బొక్కలకే ఇప్పుడు షుగరు తోడైంది. నేను ముఖ్యంగ చెప్పాలనుకున్నది ఇదే.

మా ఊర్ల ఒక పెద్దమ్మకు చాన ఏండ్ల సంది షుగరు. వాకిట్ల జారి కూలబడ్డది, అంతే. తొంటి విరిగింది. సంఘంల తెచ్చిన బర్రె అప్పు ఆపరేషన్‌కు పోయింది. ఆమె కోడలు కూలి బంద్ చేసి ఇంట్ల కూసున్నది. నెల కిస్తీ మిగతా సభ్యులం కట్టినం. ఎక్స్‌రేల బొక్క తెల్లగ, దట్టంగ కనవడ్డదట. మరి ఎట్ల విరిగిందని అడిగితే డాక్టరమ్మ చెప్పింది: ఫ్లోరైడ్ చేరిన బొక్క చూడనీకె దట్టంగనే ఉంటది, కాని పెళుసుగ ఉంటది. షుగరు కూడ అసొంటిదే. బొక్క లోపల సాగే గుణం ఇచ్చే మాంసకృత్తులకు చక్కెర అంటుకొని అది బిరుసెక్కుతది. పైనుంచి షుగరున్నోళ్లకు పాదాలు తిమ్మిరి పడతయి, కండ్లు మసకైతయి, తిండి తప్పితే కండ్లు తిరుగుతయి. పడుడు ఎక్కువ, విరుగుడు ఎక్కువ, అతుకుడు ఆలస్యం.

ఇంకోటి లెక్క చూడుండ్రి. తాగే నీళ్లల్ల లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటొద్దు, వేరే నీళ్లే లేకుంటే ఒకటిన్నర దాకా అంటరు. ఒక బోరుల 3 ఉందనుకుందాం. రోజుకు 2 లీటర్లు తాగేటామెకు 6 మిల్లీగ్రాములు పోతది. షుగరు అదుపుల లేక దాహమై 5 లీటర్లు తాగితే 15. ఎండకాలం చేను పని తోడైతే ఇంకెక్కువ. ఒంట్లకు వచ్చిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీ. షుగరు ఆ కిడ్నీనే తింటది. పోవాల్సింది పోక మళ్ల బొక్కలకే చేరుతది. అట్లని నీళ్లు తక్కువ తాగకుండ్రి. మార్చవలసింది నీళ్లను. వాసనొస్తుందని భగీరథ నీళ్లు బర్రెలకు పోసి బోరు నీళ్లు తాగేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు! కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకినకొద్ది ఇంకింత చిక్కనైతది.

నొప్పులకు మనం చేసే వైద్యం ఇంకో తీరు. నడుము నొప్పి అనంగనే సూది, పొట్లంల నాలుగు గోలీలు. నొప్పి గోలీలు నెలల కొద్ది మింగితే కిడ్నీ చెడుతది, షుగరున్నోళ్లకు ఇంకా జల్ది. కొన్ని సూదుల్ల స్టెరాయిడ్ ఉంటది. దాంతోని ఆ రోజుకు లేచి ఉరుకుతం, కాని షుగరు పెరుగుతది, బొక్క పలుచనైతది. ఏం సూది ఇస్తున్నవని అడుగుడు మన హక్కు. పాలమూరు దిక్కు వలస పోయే అక్కలు పోయేముందు రెండు నెలల షుగరు గోలీలు అడిగి తీసుకుపోవాలె, నడుమ బంద్ చేయొద్దు.

ఒక మాట చెప్పనీకె సిగ్గువడుతం గాని చెప్పాలె. గర్భసంచి తీసేయించుకున్నోళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్ల ఆంధ్ర, తెలంగాణ ముందున్నయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దాంతోపాటు అండాశయాలు కూడ తీసేస్తే ముప్పై ఐదేండ్లకే ముట్లు ఆగిన ముసలామె లెక్క బొక్క కరుగుతది. తెల్లబట్టకు, నొప్పికి అదొక్కటే దారి కాదు. ఇంకో డాక్టరును అడగకుండ సంతకం పెట్టకుండ్రి.

తిండి సంగతికొస్తే, మనకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలె. 100 గ్రాముల బియ్యంల 10 దాకనే ఉంటది, రాగులల్ల 350 దాక. నువ్వులల్ల ఇంకా ఎక్కువ. అయితే షుగరున్నోళ్లు పల్చటి రాగి జావ గిలాసల కొద్ది తాగొద్దు, షుగరు జల్ది ఎక్కుతది. రొట్టెగనో సంకటిగనో, కూరతోని, కొలతల తినాలె. సల్ల, మునగాకు, చిన్న చేపలు అందరివి. పాలన్నీ డెయిరీకి పోసి నల్ల చాయ తాగుడు మాత్రం మంచిగ లేదు. చాయపత్తల కూడ ఫ్లోరైడ్ ఉంటది.

చివరికి సమాఖ్యను రెండు అడుగుతున్న. ప్రతి గ్రామ సంఘం తమ ఊరి తాగునీటి బోర్ల నుండి సీసల నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా ల్యాబుకు పంపాలె, వచ్చిన అంకె మీటింగు బుక్కుల రాయాలె. ముప్పై ఏండ్లు దాటిన ప్రతి సభ్యురాలికి షుగరు, బీపీ చూపియ్యాలె. షుగరు తేలినోళ్లకు ఏడాదికోసారి మూడు నెలల షుగరు పరీక్ష, కిడ్నీది క్రియాటినిన్ పరీక్ష చేయించాలె. దీని మీద ఈ రోజే తీర్మానం రాస్తే నేను మా సంఘం నుండి మొదటి సంతకం పెడత.