అమ్మ రిపోర్టులో ఒక్క అక్షరం: బ్యాక్టీరియా రెండుగా ఎలా విడిపోతుంది?

మధురవాడ నుంచి మాట్లాడుతున్నాను.

పోయిన నెల మా అమ్మకి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. "పోయినసారి దీంతోనే తగ్గిందిగా" అనుకుని, చీటీ లేకుండా నేనే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు తెచ్చేశాను. మూడు రోజులైనా తగ్గలేదు సరికదా, చలిజ్వరం మొదలైంది. అప్పుడు డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే కల్చర్ టెస్ట్ రాశారు. రిపోర్టులో బ్యాక్టీరియా పేరు ఈ.కోలై. కింద మందుల లిస్టు. సిప్రో పక్కన 'ఆర్' అని ఉంది. రెసిస్టెంట్. అంటే ఆ మందుకి ఇది లొంగదు.

ఎందుకు లొంగదో అర్థం కావాలంటే, ఒక బ్యాక్టీరియా రెండు ఎలా అవుతుందో చూడాలి.

ఈ.కోలై పొడవు సుమారు 2 మైక్రాన్లు. మిల్లీమీటర్లో 500వ వంతు. దాని డీఎన్ఏని సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్ దాటుతుంది! ఆ బ్యాక్టీరియా ఒక సిటీ బస్సంత ఉందనుకోండి. అందులో కుక్కిన తాడు పొడవు దాదాపు 10 కిలోమీటర్లు. మధురవాడలో మొదలుపెడితే హైవే మీద హనుమంతవాక దాటిపోతుంది. పైగా దానికి కొసలు లేవు. గాజులాగా గుండ్రం.

ఇప్పుడు ఆ తాడుకి ఇంకో కాపీ చేసి, చిక్కు పడకుండా చెరో సగంలోకి పంపాలి.

మన కణాల్లో అయితే కాపీ మొత్తం అయ్యాక, సన్నని దారాల్లాంటివి క్రోమోజోములను చెరోవైపు లాగుతాయి. ఈ.కోలైలో ఆ ఏర్పాటు లేదు. ఇక్కడ కాపీ అవుతుండగానే విడిపోవడం కూడా మొదలవుతుంది. కాపీ ఒకే చోట మొదలై రెండు వైపులా సాగుతుంది, ఒక్కో వైపు సెకనుకి సుమారు 1,000 అక్షరాలు. 46 లక్షల అక్షరాలకి దాదాపు 40 నిమిషాలు. కాపీ అయిన మొదటి భాగాలు ముందే చెరో పక్కకి జరిగిపోతాయి.

మరి గోడ ఎక్కడ కట్టాలి? మిన్ అనే ప్రోటీన్లు ఈ కొస నుంచి ఆ కొసకి అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. అవి ఉన్నచోట గోడ లేవదు. అవి అతి తక్కువగా ఉండేది నడిమధ్యలో. గోడ అక్కడే లేస్తుంది. ఇంకా డీఎన్ఏ అడ్డంగా మిగిలి ఉంటే, ఎఫ్‌టీఎస్‌కే అనే ప్రోటీన్ దాన్ని అవతలికి లాగేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. గుండ్రటి డీఎన్ఏ కాపీ అయ్యాక, రెండు గాజులూ గొలుసు లింకుల్లా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. ఒకదాన్ని కోయకుండా బయటికి రావు. టోపోఐసోమరేజ్-4 అనే ఎంజైమ్ ఒకదాన్ని కోసి, రెండోదాన్ని ఆ సందులోంచి దాటించి, మళ్లీ అతికిస్తుంది. కాపీ జరిగేటప్పుడు పడే మెలికల్ని గైరేజ్ అనే దాని చుట్టం ఇలాగే కోసి, అతికిస్తూ విప్పుతుంది.

సిప్రో దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. కోసిన చోట ఇరుక్కుని, తిరిగి అతుక్కోనివ్వదు. డీఎన్ఏ తెగిపోయి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కానీ గైరేజ్ జీన్‌లో ఒక్క అక్షరం మారినా సిప్రో పట్టు సడలిపోవచ్చు. మందు వాడిన ప్రతిసారీ మామూలువి చస్తాయి, ఇలా మారినవి మిగిలి పెరుగుతాయి. వైరల్ జ్వరానికి సిప్రో వేసుకుంటే జ్వరానికి ఏమీ కాదు. మన పేగుల్లో ఈ ఏరివేత మాత్రం జరిగిపోతుంది.

ఇది ఇంట్లోనే జరగట్లేదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధయి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు!

డాక్టర్ గారు మందు మార్చాక అమ్మ కోలుకుంది. "ఆ మాత్రలు ఇంకా ఉన్నాయిరా, దాచనా?" అని అడిగింది. వద్దన్నాను.

మీ ఇంట్లో కూడా అలా దాచిన స్ట్రిప్ ఉందా? కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.